ఎవరిని నమ్మి ఓటేస్తారు? భద్రత, ధరలు, అమెరికా అధ్యక్షుడు

ఈసారి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికా గురించే. అక్కడి ఓటరు అధ్యక్ష అభ్యర్థిని దేశ భద్రతకి నమ్ముతాడా, ఇంటి ఖర్చుల విషయంలో నమ్ముతాడా అని రకరకాలుగా అడిగారు. పిల్లలు అక్కడున్నవాళ్ళూ, సరుకు అక్కడికి పంపేవాళ్ళూ ఇంతమంది ఉన్న ప్రాంతం మనది, కాబట్టి ఇది దూరపు ముచ్చటేమీ కాదు. మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి పెట్టి చోటంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. ఎన్నికలొస్తే అక్కడి సర్వేలు నాకు పంపిస్తుంటాడు. భద్రత విషయంలో ఒకాయన్ని ఎక్కువ మంది నమ్ముతున్నారని ఉంటుంది, ఆర్థిక వ్యవస్థ విషయంలో అవతలాయన్ని నమ్ముతున్నారని ఉంటుంది. అది ఒకరికి, ఇది ఒకరికి వస్తే చివరికి గెలిచేదెవరండీ? దీనికేమైనా లెక్క ఉందా?
— విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, కావలి

జవాబు: లెక్క ఉందనేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ ప్రతిసారీ నిలిచిన లెక్క ఒక్కటీ నాకు కనబడలేదండీ. ఆ ఏడాది జనాన్ని ఏ దిగులు పట్టి పీడిస్తోందో, దాని మీద నమ్మకం సంపాదించుకున్నవాడు గెలుస్తాడు. ఆ దిగులు ఎన్నికకీ ఎన్నికకీ మారిపోతుంది, ఒక్కోసారి వారాల్లోనే మారిపోతుంది.

సీనియర్ బుష్ సంగతి చూడండి. కువైట్ నుంచి ఇరాక్ సైన్యాన్ని వెళ్ళగొట్టాక, 1991 మొదట్లో, ఆయన పనితీరు బాగుందని గాలప్ అనే సంస్థ సర్వేలో 89 శాతం మంది చెప్పారు. అంతకంటే నమ్మకం ఏ నాయకుడికి దొరుకుతుంది? 1992 నవంబరు వచ్చేసరికి ఆయనకి పడిన ఓట్లు 37 శాతం చిల్లర. మధ్యలో యుద్ధం అయిపోయింది, సోవియట్ యూనియన్ కూలిపోయింది, భయపడాల్సిన శత్రువు కనబడలేదు. ఉద్యోగాలు మాత్రం దొరకలేదు. 1992 జూన్‌లో నిరుద్యోగం 7.8 శాతానికి పోయింది. లిటిల్ రాక్‌లో ఆయన ప్రత్యర్థి క్లింటన్ ప్రచార కార్యాలయం ఉండేది, అక్కడ జేమ్స్ కార్విల్ అనే వ్యూహకర్త, అసలు విషయం ఆర్థిక వ్యవస్థేనని కార్యకర్తలు మరిచిపోకుండా గోడకి రాసి పెట్టాడు.

ఇందులో నన్ను బాగా ఆలోచింపజేసిన సంగతి ఇంకొకటుంది. లెక్కల ప్రకారం ఆ మాంద్యం 1991 మార్చిలోనే ముగిసింది. మాంద్యం ఎప్పుడు మొదలైందో ఎప్పుడు పోయిందో తేల్చే ఆర్థికవేత్తల సంఘం ఆ మాట 1992 డిసెంబరులో ప్రకటించింది, అప్పటికి బుష్ ఓడిపోయి నెల దాటింది. అయితే జనం పొరబడ్డారని నేననను. పోయిన ఉద్యోగం తిరిగి రాని ఇంట్లో మాంద్యం ముగిసినట్టు ఎలా అనిపిస్తుంది? వాళ్ళు తమ ఇంటిని చూసుకుని ఓటేశారు.

2004లో ఇదంతా తిరగబడింది. సెప్టెంబరు 11 దాడుల తర్వాత వచ్చిన మొదటి అధ్యక్ష ఎన్నిక అది. ఎగ్జిట్ పోల్‌లో ఉగ్రవాదమే ముఖ్యమన్నవాళ్ళలో 86 శాతం మంది జూనియర్ బుష్‌కి వేశారు, ఉద్యోగాలూ ఆర్థిక వ్యవస్థే ముఖ్యమన్నవాళ్ళలో 80 శాతం డెమొక్రాట్ అభ్యర్థి జాన్ కెర్రీకి వేశారు. గెలిచింది బుష్. నాలుగేళ్ళకి, 2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీసింది. మన ఆర్థిక వ్యవస్థ పునాదులు గట్టిగానే ఉన్నాయని బుష్ పార్టీ అభ్యర్థి జాన్ మెకెయిన్ సరిగ్గా ఆ రోజే అన్నాడు. వియత్నాంలో ఐదేళ్ళకు పైగా యుద్ధఖైదీగా గడిపిన మనిషి, దేశ భద్రత విషయంలో ఆయన్ని శంకించేవాళ్ళు తక్కువ. కానీ ఆ నవంబరులో ఓటర్లలో 63 శాతం ఆర్థిక వ్యవస్థే ముఖ్యమన్నారు, ఉగ్రవాదం అన్నవాళ్ళు పది మందిలో ఒకరు కూడా లేరు. ఒబామా గెలిచాడు.

రెండు వైపులా నమ్మకం పోగొట్టుకున్న అధ్యక్షుడు కార్టర్. 1980లో ద్రవ్యోల్బణం 13.5 శాతం. టెహ్రాన్‌లో 52 మంది అమెరికన్లు బందీలుగా ఉన్నారు, వాళ్ళని విడిపించడానికి ఏప్రిల్‌లో పంపిన సైనిక బృందం ఎడారిలోనే దెబ్బతిని ఎనిమిది మంది చనిపోయారు. పోలింగ్‌కి వారం ముందు జరిగిన డిబేట్‌లో ప్రత్యర్థి రీగన్ ఓటర్లని ఒకే మాట అడిగాడు, నాలుగేళ్ళ కిందటి కంటే ఇప్పుడు మీరు బాగున్నారా అని. దానికి కార్టర్ దగ్గర సమాధానం లేదు.

మీ అబ్బాయి పంపే సర్వేల్లో ‘ఎవరిని నమ్ముతారు’ అనేది చూడకముందు ‘మీకు ఏది ముఖ్యం’ అనేది చూడండి. భద్రత మీద వచ్చిన నమ్మకం భయం ఉన్నంతకాలమే ఓట్లు తెస్తుంది. శత్రువుని ఓడించాక ఆ నమ్మకానికి పని ఉండదు, సీనియర్ బుష్‌కి జరిగింది అదే.

ప్రశ్న: రొయ్యల సాగు నాది. లీజు, సీడు, మేత, కరెంటు, డీజిలు అన్నీ పెరిగినయ్. 2025 ఆగస్టులో అమెరికా సుంకం అనగానే ఇక్కడ కొనేవాళ్ళు ప్రతి కౌంటుకీ రేటు తగ్గించేశారు. మేం ఓటెయ్యని మనిషి మా గుంటల మీద పన్నేస్తే ఎట్టా సార్? అక్కడి జనం ఏం చూసి నమ్మారు ఆయన్ని?
— రైతు, అల్లూరు

జవాబు: మీ కోపం న్యాయమైనది. అక్కడి జనం ఏం చూసి నమ్మారో ముందు చెబుతాను.

2024 ఎన్నికలో అమెరికా ఓటరుని కాల్చుకు తిన్నవి ధరలు. 2022 జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది, అంతకుముందు నలభై ఏళ్ళలో అంత లేదు. ఎన్నిక నాటికి 3 శాతం లోపుకి దిగిన మాట నిజమే, కమలా హారిస్ వైపు వాళ్ళు ఇదే చూపించి తగ్గించాం కదా అన్నారు. కానీ తగ్గింది ధరలు పెరిగే వేగం, ధర కాదు. గుడ్లూ మాంసం ఇంటి అద్దె ఎక్కిన చోటే ఉండిపోయాయి. జీతం పెరిగినా ఆ పెరుగుదల నా కష్టానికి వచ్చిందనుకుంటాడు మనిషి, ధర పెరిగితే మాత్రం అది ప్రభుత్వం చేసిన పని అనుకుంటాడు, ఇది ఏ దేశంలోనైనా అంతే. ఎగ్జిట్ పోల్‌లో ఆర్థిక వ్యవస్థే ముఖ్యమన్నవాళ్ళలో ఐదుగురికి నలుగురు ట్రంప్‌కి వేశారు.

సుంకాలు వేస్తానని ఆయన దాచిపెట్టలేదు, ప్రచారంలోనే ఊరూరా చెప్పాడు. ఓటరు ధరలు తగ్గుతాయని నమ్మాడు, సుంకాలు పెంచుతానన్న మాట కూడా అదే చెవితో విన్నాడు. దిగుమతి సరుకు మీద సుంకం వేస్తే ధర పెరగాలే గానీ ఎలా తగ్గుతుంది అనే ప్రశ్న ఆ ఎన్నికలో తగినంత గట్టిగా అడగలేదని నా అభిప్రాయం. మనిషి మీద నమ్మకం కుదిరాక ఆయన చేస్తానన్న పనిని విడిగా పరీక్షించడం మానేస్తారు. ఆ పరీక్ష లేకపోవడం వల్ల నష్టపోయినవాళ్ళలో మీరూ ఉన్నారు.

ఇక మీ గుంట దాకా అది ఎలా వచ్చిందంటే, సుంకం కట్టేది అమెరికా రేవులో సరుకు దింపుకునే దిగుమతిదారు. ఆయన కొంత అక్కడి కొనుగోలుదారు మీద వేస్తాడు, కొంత ఇక్కడి ఎగుమతిదారుని తగ్గించుకోమంటాడు. ఎగుమతిదారు ప్రాసెసింగ్ ప్లాంటులో లెక్క వేసుకుని రైతు రేటు తగ్గిస్తాడు. మీ తర్వాత ఇంకెవరూ లేరు. పట్టుబడికి వచ్చిన రొయ్యని రేటు కోసం ఆపుకుంటే రోజూ మేత ఖర్చు, పైన వైట్ స్పాట్ తెగులు భయం, ఆక్సిజన్ పడిపోతుందేమోనని రాత్రంతా ఏరేటర్ల దగ్గర కాపలా. ఆగగలిగినవాడు రేటు అడగగలడు, ఆగలేనివాడు ఇచ్చింది తీసుకోవాలి. సుంకం భారం ఎక్కువగా వచ్చి పడేది ఈ చివర ఉన్న రైతు మీదే.

ఆగస్టులో పడింది రెండు విడతలు. 7వ తేదీ నుంచి 25 శాతం, 27వ తేదీ నుంచి దాని మీద ఇంకో 25 శాతం. రొయ్యల మీద అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్ సుంకం, సబ్సిడీ వ్యతిరేక సుంకం దీనికి అదనం. మనతో పోటీపడే ఈక్వెడార్‌కి అప్పుడు పడింది 15 శాతమే. శాతాలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి గానీ ఆ రెండో 25 శాతం ఎందుకు వేశారో మాత్రం మీరు గుర్తుపెట్టుకోవాలి: భారత్ రష్యా దగ్గర చమురు కొంటోందని. అంటే యుక్రెయిన్ యుద్ధం, రష్యా మీద ఒత్తిడి, అమెరికా విదేశాంగ విధానం. మీ మీద పడిన భారంలో సగం ఆర్థిక విధానం కాదండీ, భద్రత పేరు మీద వచ్చింది. సుంకాలు వేసే అధికారం అమెరికా రాజ్యాంగం ప్రకారం కాంగ్రెస్‌ది, అంటే అక్కడి పార్లమెంటుది, కానీ ఈ సుంకాలకి ట్రంప్ వాడింది 1977 నాటి అత్యవసర అధికారాల చట్టం. సర్వేలో భద్రతకో ప్రశ్న, ఆర్థిక వ్యవస్థకో ప్రశ్న విడివిడిగా ఉంటాయి. అల్లూరు గుంట దగ్గర అవి రెండూ ఒకే రేటు కోతగా కనబడ్డాయి.

ఆయన్ని మీరు ఎన్నుకోలేదు, నిజం. కానీ అమెరికాతో మాట్లాడాల్సిన ఢిల్లీ ప్రభుత్వాన్ని, సీడు నాణ్యతా మేత ధరా కరెంటు రేటూ చూడాల్సిన రాష్ట్ర ప్రభుత్వాన్ని ఎన్నుకున్నది మీరే. మీ ఎంపీ ఈసారి ఊళ్ళోకి వచ్చినప్పుడు యూరప్, జపాన్ మార్కెట్ల కోసం ఏం చేశారో, మన దేశంలో రొయ్యల అమ్మకం పెంచడానికి ఏం చేశారో పది మంది రైతులు కలిసి అడగండి. ఒక్కరు అడిగితే వినరు.

ప్రశ్న: వెయ్యి మందిని అడిగి ముప్పై కోట్ల మంది దేశం మనసు చెప్పేస్తారా? నమ్మాలా?
— డిగ్రీ విద్యార్థి, ఒంగోలు

జవాబు: ఎంతమందిని అడిగారన్నది అసలు ప్రశ్న కాదు, ఎవరిని అడిగారన్నది ప్రశ్న. 1936లో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి కార్డులు పంపింది, ఇరవై లక్షలకి పైగా జవాబులు వచ్చాయి, వాటిని లెక్కపెట్టి రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని రాసింది. ఆయన 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఆ పత్రిక చిరునామాలు తీసుకుంది టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్ళెవరో ఆలోచించండి. దానికంటే ఎన్నో రెట్లు తక్కువ మందిని, అన్ని వర్గాల నుంచి ఎంచి అడిగిన గాలప్ సరిగ్గా చెప్పాడు.

సరిగ్గా ఎంచిన వెయ్యి మంది ఉంటే తప్పు మూడు శాతం అటూ ఇటూగా ఉంటుంది. అయితే ఇక్కడ చాలామంది జారిపడే చోటు ఒకటుంది. ఆ మూడు శాతం ఒక్కో అభ్యర్థి అంకెకీ వర్తిస్తుంది, ఇద్దరి మధ్య తేడాకి అది దాదాపు రెట్టింపు అవుతుంది. ‘ఆర్థిక వ్యవస్థ విషయంలో ఫలానా అభ్యర్థికి నాలుగు శాతం ఆధిక్యం’ అని టీవీలో ఎర్ర అక్షరాలతో వస్తే, ఇద్దరూ సమానమే అయ్యుండొచ్చు అని చదువుకోండి. ‘ఇద్దరినీ నమ్మను’ అనే జవాబుకి చోటిచ్చారా లేదా అన్నది కూడా చూడండి. ఆ చోటు లేకపోతే నమ్మకం లేనివాడి నోటి నుంచి కూడా నమ్మకం రాబట్టినట్టే.

ప్రశ్న: ఉషా వాన్స్ గారిది తెలుగు మూలం. కమలా హారిస్ తల్లిది తమిళనాడు. ఇలాంటివాళ్ళు పైన ఉంటే మనకి మేలు జరుగుతుందని నమ్మొచ్చా?
— చదువరి, ఆత్మకూరు

జవాబు: సంతోషించండి, అందులో తప్పు లేదు. నమ్మకం మాత్రం పెట్టుకోకండి. ఉషా గారి భర్త జేడీ వాన్స్ ఉపాధ్యక్షుడిగా ప్రమాణం చేసింది 2025 జనవరి 20న, 50 శాతం సుంకం పడింది అదే ఏడాది ఆగస్టులో. వాళ్ళు వాళ్ళ దేశపు ఓటరుకి జవాబు చెప్పుకోవాల్సిన మనుషులు.

ప్రశ్న: మా బంధువులు అన్నదమ్ములు న్యూజెర్సీలో పక్కపక్క వీధుల్లో ఉంటారు. ఒకే కొట్లో కొంటారు, ఒకలాంటి ఉద్యోగాలే. ఒకరు రిపబ్లికన్, ఒకరు డెమొక్రాట్. ఒకరేమో దేశం బ్రహ్మాండంగా ఉందంటారు, ఇంకొకరు మునిగిపోయిందంటారు. చదువుకున్నవాళ్ళు కూడా ఇట్టా ఏందండీ?
— ఉపాధ్యాయిని, టంగుటూరు

జవాబు: చదువుతో దీనికి సంబంధం తక్కువ టీచర్ గారూ. 2016 ఎన్నికకి ముందు వారం గాలప్ వాళ్ళు అడిగితే రిపబ్లికన్లలో 16 శాతమే ఆర్థిక పరిస్థితి మెరుగవుతోందన్నారు. ట్రంప్ గెలిచిన తర్వాతి వారం అదే ప్రశ్నకి 49 శాతం మెరుగవుతోందన్నారు. డెమొక్రాట్లలో 61 నుంచి 46కి పడిపోయింది. ఆ వారంలో కొత్త ఫ్యాక్టరీ రాలేదు, ఉన్నది మూతపడలేదు, అధికారంలో ఇంకా ఒబామాయే ఉన్నాడు. మారింది ఎవరు గెలిచారన్నది ఒక్కటే.

పైన కావలి మిత్రుడికి చెప్పిన అంకె ఇక్కడ ఇంకోసారి చూద్దాం. 2004లో ఆర్థిక వ్యవస్థే ముఖ్యమన్నవాళ్ళు ఐదుగురికి నలుగురు డెమొక్రాట్‌కి వేశారు. 2024లో ఆ మాటే అన్నవాళ్ళు ఐదుగురికి నలుగురు రిపబ్లికన్‌కి వేశారు. ఇరవై ఏళ్ళలో అర్థశాస్త్రం తలకిందులు కాలేదు కదా. రెండుసార్లూ వాళ్ళు వేసింది అధికారంలో లేని పార్టీకి. పాలిస్తున్నవాడు నచ్చని మనిషికి ధరలు బాధగా కనబడతాయి, నచ్చినవాడికి అవే ధరలు ఓర్చుకోదగ్గవి అవుతాయి, అందుకని ‘నాకు ఆర్థిక వ్యవస్థ ముఖ్యం’ అన్న మాటలో సగం పార్టీ అభిమానమే మాట్లాడుతుంటుంది. ప్రతిసారీ ఇలాగే ఉంటుందని కాదు, 2016లో ఆర్థిక వ్యవస్థే ముఖ్యమన్నవాళ్ళలో ఎక్కువ మంది పాలక పార్టీ అభ్యర్థి హిల్లరీ క్లింటన్‌కే వేశారు, అయినా ఆమె ఓడిపోయారు.

అంటే ఆ అన్నదమ్ములిద్దరూ నమ్మకం ఎప్పుడో ఇచ్చేశారు, అభ్యర్థి ఎవరైనా వాళ్ళ జవాబు మారదు. ఎన్నికని తిప్పేది ఏ పార్టీకీ మాట ఇవ్వని కొద్దిమంది, అదీ కొన్ని రాష్ట్రాల్లో. 2016లో మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా మూడూ కలిపి తేడా 80 వేల ఓట్లు కూడా లేదు, మన దగ్గర ఒక అసెంబ్లీ నియోజకవర్గం ఓట్ల కంటే తక్కువ. ఆ కొద్దిమంది నిజంగా ధర చూసి, జీతం చూసి, పిల్లాడు సైన్యంలో ఉంటే యుద్ధం వస్తుందా రాదా చూసి వేస్తారు. వాళ్ళ ప్రశ్నలు మిగతా దేశం కూడా అడిగితే అభ్యర్థులు ఇంత తేలిగ్గా తప్పించుకోలేరు.

ప్రశ్న: దేశం క్షేమంగా ఉంటేనే కదా ధరలూ ఉద్యోగాలూ అని మా నాన్న వాదన. భద్రత ఇచ్చేవాడికి కళ్ళు మూసుకుని ఓటెయ్యాలి, మిగతావి తర్వాత చూసుకోవచ్చంటాడు. మీరేమంటారు?
— యువకుడు, సింగరాయకొండ

జవాబు: మీ నాన్నగారి మొదటి మాటతో నాకు పేచీ లేదు. కళ్ళు మూసుకుని అన్నదానితోనే ఉంది. దీనికి అమెరికా దాకా పోనక్కర్లేదు, శ్రీలంక చాలు.

2019 ఏప్రిల్ 21, ఈస్టర్ ఆదివారం నాడు అక్కడ చర్చిల్లో, హోటళ్ళలో ఆత్మాహుతి దాడులు జరిగి 250 మందికి పైగా చనిపోయారు. ముందే హెచ్చరికలు అందినా పాలకులు పట్టించుకోలేదని తేలింది, జనం రగిలిపోయారు. ఆ కోపంలో, ఆ భయంలో వచ్చిన ఎన్నికలో గోటబయ రాజపక్స నిలబడ్డాడు. 2009లో ఎల్‌టీటీఈతో యుద్ధం ముగిసినప్పుడు రక్షణ శాఖ కార్యదర్శి ఆయనే, కాబట్టి భద్రతకి ఇంతకంటే ఎవరు అనిపించడం సహజం. నవంబరులో 52 శాతం ఓట్లతో గెలిచాడు. ఆర్థిక విషయాల్లో ఏం చేస్తాడని గుచ్చి అడిగినవాళ్ళు తక్కువ. గెలిచిన వెంటనే వ్యాట్‌ని 15 నుంచి 8 శాతానికి కోసేశాడు, ఖజానా ఎండిపోయింది. 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఉన్నట్టుండి ఆపేశాడు, వరి దిగుబడి పడిపోయింది. కోవిడ్‌తో పర్యాటకం పోవడం ఒకటి. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని దేశమే చేతులెత్తేసింది. పెట్రోలు కోసం, గ్యాస్ కోసం జనం రోజుల తరబడి లైన్లలో నిలబడ్డారు, ఆ లైన్లలో కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. జులైలో జనం అధ్యక్ష భవనంలోకి చొచ్చుకుపోతే ఆయన దేశం విడిచి మాల్దీవులకి, అక్కణ్ణించి సింగపూర్‌కి పోయాడు.

2019లో 3 శాతం ఓట్లు తెచ్చుకున్న అనుర కుమార దిసనాయకే 2024 సెప్టెంబరులో మొదటి లెక్కింపులో 42 శాతం తెచ్చుకుని, రెండో ప్రాధాన్య ఓట్లూ లెక్కపెట్టాక అధ్యక్షుడయ్యాడు. ఆ ఓట్లు ఎక్కణ్ణించి వచ్చాయో నాన్నగారికి చెప్పి చూడండి. పిల్లలకి పాలపొడి దొరక్క ఇంటింటా ఏడుస్తున్న దేశాన్ని భద్రంగా ఉన్న దేశమని నేనైతే అనలేను.

ప్రశ్న: మన రాష్ట్రపతి ఎన్నికకి ఇలాంటి సర్వేలు ఎందుకుండవు?
— చిరు వ్యాపారి, కందుకూరు

జవాబు: మనం ఓటెయ్యం కనుక. ఎంపీలు, ఎమ్మెల్యేలు వేస్తారు, ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఒక్కొక్కరి ఓటు విలువ 2022 ఎన్నికలో 159, అదీ 1971 జనాభా లెక్కల ప్రకారం. 1977లో నీలం సంజీవరెడ్డి గారికి పోటీయే లేకపోయింది. మన నెల్లూరు జిల్లా వెంకయ్యనాయుడు గారు 2017లో గెలిచిన ఉపరాష్ట్రపతి పదవికైతే ఎంపీలు మాత్రమే వేస్తారు. భద్రతా, ఆర్థిక వ్యవస్థా నడిపేది ప్రధాని, మంత్రివర్గం. ఆ నమ్మకం మీరు లోక్‌సభ ఓటుతో చెబుతారు.

ప్రశ్న: మా అమ్మాయి టెక్సస్‌లో ఉంటుంది, సిటిజన్‌షిప్ వచ్చింది. అల్లుడిది ఇంకా హెచ్1బీయే. అమ్మాయికి 2028లో అధ్యక్ష ఎన్నికలో మొదటి ఓటు. ‘అమ్మా, అందరూ అన్నీ చేస్తామంటారు, ఎవరిని నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది’ అంటోంది. నాకు ఆ రాజకీయాలు తెలియవు. ఏం చెప్పమంటారు?
— గృహిణి, కోవూరు

జవాబు: అమ్మా, ఎవరికి వెయ్యాలో నేను చెప్పను, మీరూ చెప్పకండి. ఏ పనికి ఎవరిని నమ్మాలో మాత్రం అమ్మాయిని విడగొట్టి చూడమనండి.

ధరలకీ ఉద్యోగాలకీ అధ్యక్షుణ్ణి జనం గట్టిగా నిలదీస్తారు. కానీ అక్కడ వడ్డీ రేట్లు నిర్ణయించేది మన రిజర్వు బ్యాంకు లాంటి ఫెడరల్ రిజర్వ్, దాని ఛైర్మన్ని అధ్యక్షుడు ప్రతిపాదించగలడే గానీ రేటు ఎంతో ఆయన చెప్పినట్టు జరగదు. బడ్జెట్ కాంగ్రెస్ చేతిలో ఉంటుంది. చమురు ధర ప్రపంచ మార్కెట్‌లో తేలుతుంది. భద్రత అలా కాదు. సైన్యానికి సర్వాధికారి ఆయన, ఎక్కడైనా దాడి చెయ్యమని ఆజ్ఞ ఇవ్వడానికి ఆయన మాట చాలు. 1973 చట్టం ప్రకారం 48 గంటల్లో కాంగ్రెస్‌కి తెలియజేయాలి, అనుమతి లేకపోతే 60 రోజుల తర్వాత ఆపాలి, అయినా అధ్యక్షులు ఆ చట్టం చుట్టూ తిరిగి వెళ్ళిన సందర్భాలు ఉన్నాయి. ఆయన చేతిలో తక్కువ అధికారం ఉన్నచోట జనం పైసా పైసా లెక్క అడుగుతున్నారు, ఎక్కువ అధికారం ఉన్నచోట గట్టిగా మాట్లాడాడు, ధైర్యంగా కనబడ్డాడు అని నమ్మకం ఊరికే ఇచ్చేస్తున్నారు. నన్ను బాధపెట్టేది ఇదే. ధరలు కొట్టుకి పోయిన ప్రతిసారీ కళ్ళకి కనబడతాయి. రహస్య నివేదికల్లో ఏముందో, ఏ యుద్ధం తప్పించవచ్చో ఓటరుకి కనబడదు. 2003లో ఇరాక్‌లో సామూహిక మారణాయుధాలున్నాయని చెప్పి యుద్ధానికి పోయారు, ఆయుధాలు దొరకలేదు, అది తెలిసేసరికి వేలమంది ప్రాణాలు పోయాయి.

అందుకని భద్రత గురించి గొప్పగా మాట్లాడే అభ్యర్థిని ఎక్కువ ప్రశ్నలు అడగాలి, తక్కువ కాదు. ఎవరి మీద, ఎంతకాలం, ఎంత ఖర్చుతో, ఎవరి అనుమతితో? తప్పు జరిగితే ఎవరికి జవాబు చెబుతావు? ఇవి చెప్పకుండా నన్ను నమ్మండి అంటే ఆగమనండి. ధరల విషయంలో వాగ్దానం చేస్తే, ఇది నీ సంతకంతో అయ్యే పనా, కాంగ్రెస్ ఒప్పుకుంటేనే అయ్యే పనా అని చూడమనండి. సంతకంతో అయ్యేవి కొన్ని ఉన్నాయి. సుంకాలు అలాగే వచ్చాయి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తు మీద లక్ష డాలర్ల ఫీజు కూడా ఒక ప్రకటన మీద సంతకంతోనే వచ్చింది, మీ అల్లుడు అది మరిచిపోయి ఉండడు.

ఇంకొకటి. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకీ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకీ అధ్యక్ష ఎన్నికలో ఓటు లేదు. పొరపాటున డ్రైవింగ్ లైసెన్సు దగ్గర ఓటరు ఫారం మీద సంతకం పెట్టినా తర్వాత దేశం నుంచి పంపించేసే దాకా పోవచ్చు, అల్లుడికి గట్టిగా చెప్పండి. అమ్మాయి మాత్రం పేరు నమోదు చేయించుకోవాలి. 2028 నవంబరు 7న పోలింగ్, టెక్సస్‌లో అయితే 30 రోజుల ముందే నమోదు అయిపోవాలి.